మరణ కారణంగా రాసిన షుగర్‌ను కేస్ షీట్‌లోనూ రాయించండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, జిల్లా వైద్యాధికారులకు, ప్రభుత్వ ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు బహిరంగ లేఖ.

గౌరవనీయులకు నమస్కారాలు.

నేను ఉమ్మడి రాష్ట్రంలో స్టాఫ్ నర్సుగా ఉద్యోగంలో చేరి, రాష్ట్రం రెండయ్యాక కూడా ఒక జిల్లా ఆసుపత్రిలోనే పనిచేసి, హెడ్ నర్సుగా పదవీ విరమణ పొందాను. నా పుట్టిల్లు ఒక రాష్ట్రంలో, మెట్టినిల్లు మరో రాష్ట్రంలో ఉన్నాయి. కరోనా కాలంలో రెండు వైపులా బంధువులను పోగొట్టుకున్నాను కాబట్టి రెండు ప్రభుత్వాలకూ కలిపి ఒకే లేఖ రాస్తున్నాను. 2020లోనూ, 2021లోనూ కరోనా వార్డులో డ్యూటీ చేసిన మనిషిగా, ఆ రెండేళ్లలో నా కళ్లెదుట జరిగిన ఒక పొరపాటు గురించి, అది మళ్లీ జరగకుండా మీరు ఒక్క ఉత్తర్వుతో చేయగలిగిన పని గురించి మీకు విన్నవించుకోవడమే ఈ లేఖ ఉద్దేశం.

ఆ రోజుల్లో సాయంత్రం వచ్చే బులెటిన్ల కోసం ఊరంతా ఎదురుచూసేది. తెలంగాణ బులెటిన్లలో కొంతకాలం పాటు మరణాలను రెండుగా విడదీసి, కరోనా వల్ల ఇంత శాతం, ఇతర జబ్బుల వల్ల ఇంత శాతం అని ఇచ్చేవారు. ఆ ఇతర జబ్బుల వాటా సగానికి పైనే ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎవరైనా పోయారనగానే మొదట వినిపించే మాట, "ఆయనకు షుగర్ ఉందట కదా" అనేదే. ఇంటివాళ్లు ఆ మాటతో తమను తాము ఓదార్చుకున్నారు, చుట్టుపక్కలవాళ్లు ఆ మాటతో ధైర్యం తెచ్చుకున్నారు, ఆసుపత్రి ఆ మాటతో కాగితం ముగించింది. మరణ కారణాల గడిలో అంత స్పష్టంగా రాసిన షుగర్‌ను, ఆ మనిషి బతికి ఉండగా, పడక మీద ఉన్నప్పుడు, రోజుకు ఎన్నిసార్లు కొలిచాం, ఎంత ఉందని కేస్ షీట్‌లో రాశాం, తగ్గించడానికి ఏం చేశాం అన్నదే నేను మీ ముందు పెడుతున్న ప్రశ్న.

2021 మే నెలలో మా వార్డుకు నలభై ఆరేళ్ల నేత కార్మికుడు ఒకాయన వచ్చాడు. చేర్చుకునేటప్పుడు "షుగర్ ఉందా, బీపీ ఉందా" అని అడిగితే రెండూ లేవన్నాడు. అదే రాసుకున్నాం. ఆక్సిజన్ పెట్టాం, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు మొదలుపెట్టాం. మూడో రోజు నుంచి ఆయన నీళ్లు అడగడం ఎక్కువైంది. ఆక్సిజన్ మాస్కు పెట్టుకున్నవాళ్లందరికీ నోరు ఎండిపోతుంది కాబట్టి మాలో ఎవరికీ అనుమానం రాలేదు. నాలుగో రోజు రాత్రి డ్యూటీలో నేను పడక పక్కన వరుసగా ఐదు ఖాళీ నీళ్ల సీసాలు చూశాను. అన్నీ ఆయనవేనని పక్క పడకాయన చెప్పాడు. గ్లూకోమీటర్ తెచ్చి వేలు గుచ్చితే తెర మీద అంకె రాలేదు, "హెచ్ఐ" అని రెండు అక్షరాలు వచ్చాయి. అంటే ఆ మిషన్ కొలవగలిగిన హద్దు దాటిపోయిందని అర్థం. మా మిషన్‌కు ఆ హద్దు 600. పీపీఈ కిట్ లోపల రెండు జతల గ్లవ్స్‌తో తడబడుతూ రెండో స్ట్రిప్ పెట్టి చూస్తే మళ్లీ అదే వచ్చింది. ఆ తెల్లవారుజాము నుంచి ఇన్సులిన్ డ్రిప్ పెట్టి పోరాడాం కానీ, అప్పటికే ఒంట్లో కీటోన్లు, అంటే ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు, పేరుకుపోయాయి, ఊపిరితిత్తులు చేతులెత్తేశాయి. ఆయన రెండు రోజుల తరువాత పోయాడు. మరణ పత్రంలో కరోనాతో పాటు మధుమేహం అని రాశారు. గేటు దగ్గర ఆ కాగితం అందుకున్న ఆయన భార్య నన్ను అడిగిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది: "ఆయనకు షుగర్ ఎప్పుడు వచ్చిందమ్మా?"

ఆమెకు నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయనకు ముందే ఉండి తెలియలేదో, జబ్బు తీవ్రత వల్ల పెరిగిందో, మేము ఇచ్చిన స్టెరాయిడ్ వల్ల బయటపడిందో, చేర్చుకున్న రోజు ఒక్క చుక్క రక్తం కొలిచి ఉంటే చెప్పగలిగేదాన్ని. ఆ ఒక్క అంకె మా దగ్గర లేదు.

కరోనా సోకిన మధుమేహులకు ముప్పు ఎక్కువన్న సంగతి మొదటి నెలల్లోనే తెలిసింది. 2020 ఫిబ్రవరిలో చైనా వ్యాధి నియంత్రణ కేంద్రం నిర్ధారిత కేసులు 44,672 పరిశీలించి ప్రకటించిన లెక్కల్లో మొత్తం మీద మరణాల రేటు 2.3 శాతం ఉంటే, మధుమేహం ఉన్నవారిలో 7.3 శాతం ఉంది. ఆ ఏడాది మార్చి 1 నుంచి మే 11 వరకు ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో కరోనాతో చనిపోయిన 23,698 మందిలో మూడింట ఒక వంతు మధుమేహులేనని అక్కడి జాతీయ ఆరోగ్య సేవ సమాచారం చెప్పింది. వయసు, స్త్రీ పురుష భేదం, పేదరికం, జాతి, ప్రాంతం అన్నీ సరిచూశాక కూడా ఎక్కువమందిలో కనిపించే టైప్ 2 రకం మధుమేహం ఉన్నవారికి ఆసుపత్రిలో మరణించే ముప్పు రెట్టింపు, తరచు చిన్న వయసులోనే వచ్చి ఇన్సులిన్ తప్పనిసరయ్యే టైప్ 1 ఉన్నవారికి మూడున్నర రెట్లు ఉన్నట్టు తేలింది. అదే సమాచారం నలభై ఏళ్ల లోపు మధుమేహులకు అసలు ముప్పు చాలా తక్కువేనని కూడా చెప్పింది. ఈ రెండో మాట మన ఊళ్లలోకి రాలేదు. వచ్చి ఉంటే, ఇన్సులిన్ తీసుకునే పిల్లలున్న తల్లిదండ్రులు ఆ ఏడాదంతా అంతగా వణికిపోయేవారు కాదు.

మీకు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఈ అంకెల తరువాతి అంకెలు. చైనాలోని హుబే రాష్ట్రంలో 7,337 మంది కరోనా రోగులను పరిశీలించిన వైద్యులు, టైప్ 2 మధుమేహం ఉన్న 952 మందిలో 7.8 శాతం, లేనివారిలో 2.7 శాతం చనిపోయారని చూశారు. అంతటితో ఆగకుండా మధుమేహులను మళ్లీ రెండుగా విడదీశారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ షుగర్ సుమారు 70కి, 180కి మధ్య నిలిచినవారు ఒకవైపు, 180 దాటిపోయినవారు ఇంకోవైపు. మొదటివారిలో 1.1 శాతం, రెండోవారిలో 11 శాతం చనిపోయారు. షుగర్ ఉందన్న పేరు రెండు గుంపులకూ ఒకటే. ఫలితంలో మాత్రం పది రెట్ల తేడా.

ఈ పది రెట్లనూ పూర్తిగా షుగర్ ఖాతాలో వేయకూడదని నాకు తెలుసు. జబ్బు బాగా ముదిరినవాళ్లకు ఆ తీవ్రత వల్లనే షుగర్ పెరుగుతుంది కాబట్టి, పెరిగిన షుగర్ కొంతవరకు కారణం, కొంతవరకు సూచిక. ఫ్రాన్స్‌లో 53 ఆసుపత్రుల్లో 1,317 మంది మధుమేహులను పరిశీలించిన కొరొనాడో అధ్యయనంలో, చేరడానికి ముందు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి, వారంలోపు వెంటిలేటర్ మీదికి వెళ్లడానికో చనిపోవడానికో పెద్దగా సంబంధం కనిపించలేదు. ఊబకాయానికి మాత్రం సంబంధం కనిపించింది. ఇంగ్లండ్‌లో మొత్తం మధుమేహ జనాభాను తీసుకుని చూసినప్పుడు మాత్రం, టైప్ 2 ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ 10 శాతం, అంతకు పైన ఉన్నవారికి, 6.5 నుంచి 7 మధ్య ఉన్నవారికంటే మరణ ముప్పు 1.6 రెట్లు ఉన్నట్టు వచ్చింది. రెండు అధ్యయనాలూ చూసిన మనుషులు వేరు, అడిగిన ప్రశ్నలు వేరు. ఒకరు ఆసుపత్రిలో చేరినవారిని మాత్రమే చూశారు, మరొకరు ఇళ్లలో ఉన్నవారితో సహా అందరినీ చూశారు. వార్డులో పనిచేసినదానిగా నేను వీటి నుంచి గ్రహించింది ఇది: రోగి గడచిన మూడు నెలలు షుగర్‌ను ఎలా ఉంచుకున్నాడన్నది మన చేతిలో లేదు, ఫ్రాన్స్ లెక్కలను బట్టి చేరిన తరువాత అది మొత్తం కథను నిర్ణయించేదీ కాదు. చేరిన గంట నుంచి షుగర్ ఎలా ఉందన్నది మాత్రం పూర్తిగా మన చేతిలోని పని.

శరీరంలో ఏం జరుగుతుందో మీ వైద్యులకు నేను చెప్పనక్కరలేదు. షుగర్ ఎక్కువైనప్పుడు తెల్లకణాలు మందగిస్తాయి, వాపు పెంచే రసాయనాలు హద్దు మీరతాయి, రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని గడ్డలు కట్టే గుణం పెరుగుతుంది, గుండె, కిడ్నీలు ముందే అలసిపోయి ఉంటాయి. కరోనా సరిగ్గా ఈ చోట్లనే దెబ్బ కొట్టింది.

అయితే మన వార్డుల్లో షుగర్‌ను ఆకాశానికి తీసుకెళ్లింది కరోనా ఒక్కటే కాదు, దానికి మేమిచ్చిన మందు కూడా. ఆ మందు మంచిది, ప్రాణాలు నిలిపింది. బ్రిటన్‌లో రికవరీ అనే పేరుతో రోగుల మీద జరిగిన మందుల పరీక్ష ఫలితం 2020 జూన్‌లో వచ్చినప్పుడు మా డ్యూటీ గదిలో చప్పట్లు కొట్టుకున్నాం. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్‌ను గరిష్ఠంగా పది రోజులు ఇస్తే, వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు ఏమీ కనిపించలేదు. మన ఊళ్లలో ఏం జరిగిందో మీకూ తెలుసు. వాట్సాప్‌లో తిరిగిన మందుల చీటీలు పట్టుకుని, జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచే, ఆక్సిజన్ 98 ఉన్నవాళ్లు కూడా ఇళ్లలో స్టెరాయిడ్ మాత్రలు మింగారు. అందులో షుగర్ రోగులూ ఉన్నారు. ఎంత మోతాదు, ఎన్ని రోజులు, ఎప్పుడు ఆపాలి అని చెప్పినవాళ్లు లేరు.

ఇక ఆసుపత్రుల సంగతి. వార్డులో షుగర్ చూసే అలవాటు పొద్దున ఆరు గంటలకు, పరగడుపున. దశాబ్దాలుగా అదే ఆనవాయితీ, నేనూ అలాగే నేర్చుకున్నాను. ఉదయం ఇచ్చిన స్టెరాయిడ్ ప్రభావం షుగర్ మీద ఎక్కువగా పడేది మధ్యాహ్న భోజనం తరువాత, సాయంత్రం పూట. రాత్రంతా తినకుండా ఉన్నవాళ్లలో తెల్లారేసరికి చాలావరకు దిగిపోతుంది. అందుకని పొద్దున చూస్తే 130 ఉంటుంది, రౌండ్స్‌లో డాక్టర్‌గారు చూసి బాగుందంటారు, అదే రోగికి మధ్యాహ్నం మూడింటికి 400 ఉంటుంది, దాన్ని చూసే మనిషి ఉండదు. ఈ సంగతి నాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. ఒకరోజు పొరపాటున ఒక పెద్దావిడకు పొద్దున చూడడం మరిచిపోయి మధ్యాహ్నం చూసినప్పుడు 438 వచ్చింది. ఆ తరువాత నా డ్యూటీలో స్టెరాయిడ్ పడ్డ ప్రతి ఒక్కరికీ సాయంత్రం నాలుగింటికి చూడడం మొదలుపెట్టాను. పదిహేడు మందిని చూసిన రోజున తొమ్మిది మందికి 250 దాటింది. అందులో నలుగురి కేస్ షీట్లలో షుగర్ లేదని రాసి ఉంది.

అన్ని రోజులూ అలా చూడలేకపోయాను. స్ట్రిప్పులు అయిపోయేవి. ఆక్సిజన్ సిలిండర్లు ఎన్ని ఉన్నాయో కలెక్టర్‌గారి వరకు గంట గంటకూ లెక్క వెళ్లేది, స్ట్రిప్పుల డబ్బాలు ఎన్ని ఉన్నాయో అడిగిన మనిషి లేడు. ఇంకో చిక్కు సిరంజీలది. మన దగ్గర ఇన్సులిన్ సీసా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజీ ఉండాలి. సరఫరా కుదరక నారింజ మూత ఉన్న 100 యూనిట్ల సిరంజీలు వచ్చిన రోజున, ఒకదానిలో 20 గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. పన్నెండు గంటల డ్యూటీలో, ముఖానికి కప్పిన షీల్డు మీద ఆవిరి పట్టిన స్థితిలో, కొత్తగా కాంట్రాక్టు మీద చేరిన ఇరవై రెండేళ్ల అమ్మాయి ఈ తేడా గుర్తుపట్టాలి. ఒక అమ్మాయి రెండు రోజులు అలాగే ఇచ్చి, షుగర్ తగ్గడం లేదేమిటని ఏడుస్తూ నా దగ్గరకు వచ్చింది. ఆ అమ్మాయిని నేను ఒక్క మాట కూడా అనలేదు.

మందు మన చేతిలోనే ఉన్నా, అర్ధరాత్రి 380 చూసిన నర్సుకు ఎంత ఇన్సులిన్ ఇవ్వాలో చెప్పే ఆర్డర్ కాగితం మీద ఉండదు. డ్యూటీ డాక్టర్ ఇంకో అంతస్తులో వెంటిలేటర్ దగ్గర ఉంటారు, ఫోను ఎత్తే పరిస్థితి ఉండదు. తెల్లవారాక చెబుదామని ఆగిపోవడం తప్ప ఆమెకు దారి ఉండదు. తెల్లవారాక చూస్తే మళ్లీ 140. మళ్లీ మామూలే.

ఆసుపత్రి గేటు దాటాక కూడా ఈ కథ ముగియలేదు. మా చిన్న మేనమామది కిరాణా కొట్టు. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలతో ఫరవాలేదనిపించేలా ఉండేది. రెండో వేవ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిది రోజులుండి ఇంటికి వచ్చాడు. వచ్చినప్పుడు ఇచ్చిన కాగితంలో స్టెరాయిడ్ మాత్రలు రోజుకు రెండుసార్లు అని ఉంది. ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో లేదు. షుగర్ ఎప్పుడు చూపించుకోవాలో లేదు. విటమిన్ల పేర్లు మాత్రం నాలుగు ఉన్నాయి. ఇంటికి వచ్చిన పన్నెండో రోజున నాకు ఫోన్ చేసి, "అమ్మాయ్, కుడివైపు పై పళ్లు కదులుతున్నట్టున్నాయే, చెంప మొద్దుబారింది" అన్నాడు. పంటి నొప్పేమో, పళ్ల డాక్టరుకు చూపించుకో మామయ్యా అన్నాను. వార్డులో ఊపిరాడక ఉన్న నాకు ఆ క్షణాన అంతకుమించి తోచలేదు. రెండు రోజుల తరువాత అత్తయ్య వీడియో కాల్ చేసి చూపిస్తే కుడి కనురెప్ప వాలిపోయి ఉంది, ముక్కు దగ్గర నల్లటి పక్కు కట్టి ఉంది. షుగర్ చూడమంటే 486. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌కు ప్రత్యేక కేంద్రంగా పెట్టిన రోజులవి. అక్కడికి తీసుకెళ్తే చేర్చుకున్నారు, శస్త్రచికిత్స చేశారు, యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు పెట్టారు. ప్రాణం నిలబెట్టినందుకు అక్కడి వైద్యులకు మా కుటుంబం రుణపడి ఉంది. కుడి కన్ను, పై దవడలో సగం పోయాయి. ఇప్పుడు కొట్టు మా మరదలు నడుపుతోంది.

బ్లాక్ ఫంగస్ అనే మ్యూకార్మైకోసిస్ కొత్త జబ్బు కాదు. ఆ బూజు గాలిలో, మట్టిలో ఎప్పుడూ ఉంటుంది. షుగర్ హద్దు మీరి రక్తం ఆమ్లంగా మారినప్పుడు, ఆ స్థితిలో విడుదలయ్యే ఇనుమును తిని అది పెరుగుతుంది. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని అణచిపెట్టి దానికి తలుపు తీస్తుంది. 2021 మేలో కేంద్రం దీన్ని అంటువ్యాధుల చట్టం కింద తప్పనిసరిగా నివేదించవలసిన జబ్బుగా ప్రకటించమని రాష్ట్రాలకు రాసింది, ఆంధ్రప్రదేశ్ దీన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆ జూలై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు, 4 వేలకు పైగా మరణాలు నమోదయ్యాయని పార్లమెంటులో చెప్పారు. అప్పటివరకు ప్రచురితమైన 101 కేసులను సమీక్షించిన భారతీయ వైద్యులు, వాటిలో 80 శాతం మందికి మధుమేహం ఉందని, 76 శాతం మంది స్టెరాయిడ్లు తీసుకున్నారని, 82 కేసులు మన దేశానివేనని రాశారు. కరోనా ప్రపంచమంతటా వచ్చింది, స్టెరాయిడ్ ప్రపంచమంతటా వాడారు. ఈ కన్నీళ్లు ఇంతగా మన దగ్గరే ఎందుకు కారాయని అడిగితే, కొలవని షుగర్ అన్నది అందులో పెద్ద జవాబు అని నేను నమ్ముతున్నాను.

మన దగ్గర కొలవని షుగర్ ఎంత ఉందో కూడా ఇప్పుడు దాచలేం. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో అన్ని రాష్ట్రాలనూ చుట్టి చేసిన ఇండియాబ్ సర్వే 2023లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి, అంటే సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 15.3 శాతం మంది దాని అంచున ఉన్నారు. "షుగర్ ఉందా" అని అడిగితే వచ్చే జవాబు ఆ మనిషికి తెలిసినంతవరకే నిజం. దీనికి తోడు, కరోనా వచ్చి తగ్గినవాళ్లలో కొత్తగా మధుమేహం బయటపడుతోంది. అమెరికాలో మాజీ సైనికుల ఆరోగ్య సమాచారంతో, కరోనా నుంచి బయటపడ్డ సుమారు 1,81,000 మందిని ఏడాది పాటు గమనిస్తే, సోకనివారికంటే వారిలో మధుమేహం వచ్చే అవకాశం 40 శాతం ఎక్కువగా కనిపించింది. వాళ్లలో ఎక్కువమంది పెద్ద వయసు మగవాళ్లు కాబట్టి ఆ అంకెను మన ఊరికి యథాతథంగా అన్వయించలేం. అయినా, రెండో వేవ్‌లో మన వార్డుల నుంచి 250, 300 అంకెలతో ఇంటికి వెళ్లినవాళ్లలో ఎంతమందికి ఆ తరువాత షుగర్ మామూలుకు వచ్చింది, ఎంతమంది ఇప్పటికీ తెలియకుండా మోస్తున్నారు అన్నది కనుక్కోవలసిన బాధ్యత మీమీద ఉంది.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర స్థితిని ఎత్తివేసింది. ఇప్పుడు వార్డులు ఖాళీగా ఉన్నాయి, తలుపులు తెరిచి ఉన్నాయి. ఈ పని చేయడానికి తగిన సమయం ఇదే అనిపించి రాస్తున్నాను. ఫ్లూ అయినా, న్యుమోనియా అయినా, రేపు పేరు తెలియని ఇంకో వైరస్ అయినా, ఊపిరితిత్తుల జబ్బుతో చేరే ప్రతి పెద్దవారికీ, షుగర్ ఉందా లేదా అన్న ప్రశ్నకు వచ్చిన జవాబుతో నిమిత్తం లేకుండా, పడక ఇవ్వకముందే గ్లూకోమీటర్‌తో షుగర్ చూడాలని, ఆ అంకెను ఆక్సిజన్ అంకె పక్కనే కేస్ షీట్ మొదటి పేజీలో రాయాలని ఉత్తర్వు ఇవ్వండి. స్టెరాయిడ్ మొదలుపెట్టిన క్షణం నుంచి రోజుకు నాలుగుసార్లు చూడాలని, అందులో ఒకటి తప్పనిసరిగా మధ్యాహ్న భోజనం తరువాతో సాయంత్రమో ఉండాలని అందులోనే రాయించండి. ఎంత ఉంటే ఎంత ఇన్సులిన్ ఇవ్వాలో, ఎంత దాటితే డాక్టర్‌ను తప్పక పిలవాలో, ఎంత దిగితే ఇన్సులిన్ ఆపి గ్లూకోజ్ ఇవ్వాలో నిపుణులతో ఒక్క పేజీ పట్టిక తయారుచేయించి, దాని ప్రకారం మందు ఇచ్చే అధికారం డ్యూటీ నర్సుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ అధికారం లేనందువల్ల మేము చేతులు కట్టుకుని తెల్లవారేవరకు కూర్చున్న రాత్రులు నేను లెక్కపెట్టలేను.

షుగర్ మాత్రలు వాడుతూ చేరినవాళ్లకు ఏవి కొనసాగించాలి, ఏవి ఆపాలి అన్నది కూడా ఆ పేజీలో ఉండాలి. గ్లిఫ్లోజిన్ల కుటుంబానికి చెందిన (డాపాగ్లిఫ్లోజిన్ వంటి) షుగర్ మాత్రలు ఒళ్లు బాగాలేని రోజుల్లో వేసుకుంటే, షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోన్లు పేరుకుపోయే ప్రమాదం ఉంది. గ్లూకోమీటర్‌లో 180 చూసి మనం నిశ్చింతగా ఉంటాం. ఇన్సులిన్ వాడేవాళ్లలో కొందరు, అన్నం తినడం లేదు కదా అని దాన్ని పూర్తిగా మానేసి వస్తారు. ఇంట్లో ఉండగానే ఈ రెండు సంగతులూ వాళ్లకు తెలియాలంటే, పల్లె దవాఖానాలో, గ్రామ క్లినిక్‌లో మాత్రలు ఇచ్చేటప్పుడే చెప్పాలి.

స్ట్రిప్పులను, 40 యూనిట్ల సిరంజీలను అత్యవసర నిల్వల జాబితాలో ఆక్సిజన్‌తో పాటు చేర్చమని, కొనుగోలు చేసే కార్పొరేషన్లు సీసాకు సరిపోయే సిరంజీనే పంపేలా చూడమని ప్రార్థన. గ్లూకోమీటర్ల విషయంలో ఇంకో చిన్న మాట: టెండరు మారినప్పుడల్లా మిషన్ కంపెనీ మారుతుంది, పాత మిషన్‌కు కొత్త స్ట్రిప్ పట్టదు. మా స్టోరులో అలా పనికిరాకుండా పడి ఉన్న మిషన్లు ఒక బీరువా నిండా ఉండేవి.

డిశ్చార్జి కాగితం తెలుగులో ఉండాలి. స్టెరాయిడ్ ఏ తేదీన ఆపాలో తేదీతో సహా రాయాలి, షుగర్ ఏ తేదీన, ఎక్కడ చూపించుకోవాలో రాయాలి. ముఖం ఒకవైపు మొద్దుబారితే, పై పళ్లు కదిలితే, ముక్కు నుంచి నల్లగా వస్తే, ఒక వస్తువు రెండుగా కనిపిస్తే ఆ రోజే రమ్మని రాయాలి. మా మామయ్య కాగితంలో ఈ నాలుగు ముక్కలు ఉండి ఉంటే, నాకు ఫోన్ చేసే అవసరం లేకుండానే ఆయన బయలుదేరి వెళ్లేవాడు. ఆ కాగితం నకలు ఒకటి ఆ ఊరి ఏఎన్‌ఎంకు చేరాలి.

ఏఎన్‌ఎంల ప్రస్తావన వచ్చింది కాబట్టి వారి దగ్గర ఉన్న జాబితాల గురించి కూడా చెప్పాలి. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ షుగర్, బీపీ చూడాలన్న కార్యక్రమం కింద ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇంటింటికీ తిరిగి రాసుకున్న పేర్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆ జాబితా మూతపడింది. నెల నెలా షుగర్ మాత్రలకు వచ్చేవాళ్లు బస్సులు లేక రాలేదు, కరోనా డ్యూటీలు పడ్డ సిబ్బంది వాళ్ల దగ్గరకు వెళ్లలేదు. ఎవరికి ముప్పు ఎక్కువో చైనా లెక్కలు చెప్పిన రోజునే, ఆ మనుషుల పేర్లు, ఇళ్లు తెలిసిన రిజిస్టర్లు మన దగ్గర ఉన్నాయి. మళ్లీ ఏదైనా అంటువ్యాధి మొదలైన మొదటి వారంలోనే ఆ జాబితాలోని ప్రతి ఇంటికీ రెండు నెలల మందులు, ఆక్సిమీటర్ చూసుకునే విధానం, టీకా ఉంటే మొదటి వరుసలో చోటు చేరేలా ఇప్పుడే ఒక పథకం రాసి పెట్టండి. 2021 మార్చి 1న అరవై దాటినవారితో పాటు, నిర్దేశిత జబ్బులున్న 45 ఏళ్లు దాటినవారికి టీకా తెరిచినప్పుడు, ఆ జబ్బు ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకోమన్నారు. ఏఎన్‌ఎం రిజిస్టర్‌లో పేరున్నవాళ్లు ఆ కాగితం కోసం మళ్లీ డాక్టర్ల చుట్టూ తిరిగారు.

చివరగా, రెండు వేవ్‌లలో మధుమేహంతో చనిపోయారని నమోదైనవారి కేస్ షీట్లను రికార్డు గదుల నుంచి బయటికి తీయించండి. చేరిన రోజు షుగర్ చూశారా, స్టెరాయిడ్ మొదలయ్యాక ఎన్నిసార్లు చూశారు, సాయంత్రం అంకె ఎంత, ఇన్సులిన్ ఏ రోజు మొదలైంది అనే నాలుగు ప్రశ్నలకు ప్రతి షీట్‌లోనూ జవాబు వెతికించండి. ఎవరినీ శిక్షించడానికి ఈ మాట అడగడం లేదు. ఆ షీట్లలో నా చేతిరాత కూడా ఉంది, ఖాళీగా వదిలేసిన గడుల్లో నేను వదిలినవీ ఉన్నాయి. పేర్లు తీసేసి ఆ లెక్కను ప్రజల ముందు పెట్టండి. ఆ లెక్క తీయడానికి చేతులు చాలకపోతే, పదవీ విరమణ చేసిన నర్సులం ప్రతి జిల్లాలోనూ ఉన్నాం. ఆ అక్షరాలు, ఆ పొడి మాటలు చదవడం మాకు అలవాటే. పిలిస్తే జీతం అడగకుండా వచ్చి కూర్చుంటాం.

భవదీయురాలు,
పదవీ విరమణ పొందిన ఒక హెడ్ నర్సు